నీల్ ఫ్రాంక్లిన్‌కు మీరు బాకీ ఉన్న మాట: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు బహిరంగ లేఖ

ఫుట్‌బాల్ అసోసియేషన్ అధ్యక్షులకు, బోర్డు సభ్యులకు,

నమస్కారం.

1950 మే నెలలో మీ దేశంలోకెల్లా గొప్ప సెంటర్‌హాఫ్ (రక్షణ వరస మధ్యలో ఆడేవాడు), ప్రపంచకప్ కోసం బ్రెజిల్ వెళ్ళే జట్టును వదిలేసి కొలంబియా దారి పట్టాడు. ఆయన పేరు నీల్ ఫ్రాంక్లిన్. అప్పటికి వయసు 28. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్ ఆడిన మొదటి 27 అధికారిక మ్యాచ్‌లలో ఒక్కటి కూడా వదలకుండా ఆడినవాడు. అలా వెళ్ళిన తర్వాత ఆయన ఇంకా నలభై అయిదేళ్ళకు పైగా బతికాడు. ఇంగ్లండ్ చొక్కా మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా వేసుకోలేదు.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఫుట్‌బాల్ అభిమానిని. మీ లీగ్ మ్యాచ్‌లను శని, ఆదివారాల్లో అర్ధరాత్రి దాకా మేలుకుని చూసే తెలుగువాళ్ళు మా ఊళ్ళలో చాలామందే ఉన్నారు. ఏ ఆటగాడి జీతం వారానికి ఎన్ని లక్షల పౌండ్లో, ఎవరి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో మా కుర్రాళ్ళు నోటికి చెబుతారు. ఆ స్వేచ్ఛ, ఆ డబ్బు రాకముందు మీ దగ్గర ఆటగాడి బతుకు ఎలా ఉండేదో వాళ్ళకు తెలియదు. వాళ్ళు కూడా చదవాలనే ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. మీ చేతికి చేరేలా ఎవరైనా మీ భాషలో వినిపిస్తే వాళ్ళకు ముందే నా కృతజ్ఞతలు.

ఫ్రాంక్లిన్ 1922 జనవరి 24న స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని షెల్టన్‌లో పుట్టాడు. అది కుండల బట్టీల ఊరు, ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. పొగ మధ్యలో పుట్టి, పొగ మధ్యలోనే ఆట నేర్చుకున్నాడు. పదిహేనేళ్ళు నిండేలోపే స్టోక్ సిటీ క్లబ్‌లో చేరాడు. ప్రొఫెషనల్‌గా సంతకం పెట్టిన 1939లోనే యుద్ధం మొదలైంది. ఆటగాడికి పదిహేడు నుంచి ఇరవై నాలుగు దాకా ఉండే వయసు ఎంత విలువైందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫ్రాంక్లిన్‌కు ఆ ఏళ్ళన్నీ యుద్ధానికే పోయాయి. వైమానిక దళంలో పనిచేస్తూ, యుద్ధకాలపు మ్యాచ్‌లు ఆడుతూ గడిపాడు. ఆ మ్యాచ్‌లు రికార్డుల్లో లెక్కకు రావు. కానీ ఆయన ఆట పదునెక్కింది అక్కడే.

ఆయన ఆట గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మీరు పోగొట్టుకున్నది ఎలాంటి ఆటగాడినో తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు.

1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతకుముందు, బంతి తనకు పంపే క్షణాన దాడి చేసే ఆటగాడికి, గోల్ గీతకు మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. ఆ మార్పుతో ఇద్దరుంటే సరిపోయింది. గోల్స్ వరదలా రావడంతో క్లబ్‌లు భయపడి సెంటర్‌హాఫ్‌ను మైదానం మధ్య నుంచి వెనక్కి, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల నడుమకు లాగేశాయి. అప్పటి నుంచి అతని పని ఒకటే. ఎదుటి జట్టు దాడిలో మధ్యన ఆడే సెంటర్‌ఫార్వర్డ్‌ను అంటిపెట్టుకుని ఉండాలి, బంతి వస్తే తలతోనో కాలితోనో ఎంత దూరం వీలైతే అంత దూరం కొట్టేయాలి. మోటుగా, బలంగా, భయం లేకుండా ఉంటే చాలు. బంతిని అదుపు చేయడం అతని పని కాదని అందరూ అనుకునేవారు.

ఫ్రాంక్లిన్ ఆ లెక్కకు లొంగలేదు. బంతిని కిందకు దించేవాడు. ఎదుటివాడు మీదకు వస్తున్నా తొందరపడేవాడు కాదు, పక్కకు తప్పించి ముందుకు నడిపేవాడు. తలెత్తి చూసి తన జట్టువాడి కాళ్ళ దగ్గరకు పంపేవాడు. ప్రత్యర్థి కాలి కింద నుంచి బంతి లాక్కోవడానికి నేల మీద జారి పడాల్సిన అవసరం ఆయనకు పెద్దగా వచ్చేది కాదు. బంతి ఎక్కడికి రాబోతోందో ముందే పసిగట్టి అక్కడ నిలబడి ఉండేవాడు. ఇప్పుడు మీ అకాడమీల్లో ఎనిమిదేళ్ళ పిల్లలకు కోచ్‌లు రోజూ చెప్పే పాఠం ఇదే. వెనక నుంచి ఆట కట్టండి, బంతిని గాలిలోకి పారేయకండి అని. ఏ కోచింగ్ పుస్తకమూ చెప్పని రోజుల్లో ఫ్రాంక్లిన్ ఆ పని చేశాడు. ఆయన పక్కన ఆడినవాళ్ళలో చాలామంది, తాము చూసిన సెంటర్‌హాఫ్‌లలో ఆయనే మేటి అని జీవితాంతం చెప్పారు.

ఆ ఇంగ్లండ్ జట్టు మామూలు జట్టు కాదు. 1946 సెప్టెంబర్‌లో ఉత్తర ఐర్లండ్ మీద 7-2, 1947 మేలో లిస్బన్‌లో పోర్చుగల్ మీద 10-0. 1948 మేలో ట్యూరిన్ వెళ్ళి, టొరినో క్లబ్ ఆటగాళ్ళతో నిండిన ఇటలీని వాళ్ళ సొంత గడ్డ మీద 4-0తో ఓడించింది. ఈ మ్యాచ్‌ల గురించి ఇప్పటికీ మాట్లాడేవాళ్ళు మాథ్యూస్ పేరు, ఫిన్నీ పేరు, మార్టెన్సన్, లాటన్ పేర్లు చెబుతారు. అందరూ గోల్ వైపు పరుగెత్తినవాళ్ళే. వాళ్ళు అంత ధైర్యంగా ముందుకు వెళ్ళగలిగింది వెనక ఫ్రాంక్లిన్ ఉన్నాడన్న భరోసాతో. డిఫెండర్ల ఖర్మ ఎప్పుడూ ఇంతే.

ఇక డబ్బు సంగతికి వస్తాను. అసలు తగాదా అక్కడే ఉంది.

1948-49 సీజన్‌లో ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌లకు నాలుగు కోట్ల పది లక్షలకు పైగా ప్రేక్షకులు టికెట్ కొనుక్కుని వచ్చారు. యుద్ధం నుంచి బయటపడి, ఇంకా రేషన్ కార్డులతో బతుకుతున్న దేశం అది. అంత లేమిలోనూ జనం ఆటకు డబ్బు పెట్టారు. ఆ డబ్బులో ఆటగాడికి ఎంత వచ్చేది? సీజన్‌లో వారానికి ఎక్కువలో ఎక్కువ 12 పౌండ్లు, వేసవిలో 10. ఇంగ్లండ్‌కు ఆడినా, ఊరి క్లబ్‌కు ఆడినా, మైదానం నిండినా, సగం ఖాళీగా ఉన్నా పై పరిమితి మాత్రం అదే. ఇంతకంటే ఎక్కువ ఇద్దామని ఏ క్లబ్ అయినా అనుకుంటే అది నేరం.

ఈ జీతాల పరిమితిని 1901లో వారానికి 4 పౌండ్లుగా మొదలుపెట్టింది మీ అసోసియేషనే. ఆ తర్వాత డబ్బు వ్యవహారాలు ఫుట్‌బాల్ లీగ్ చేతికి వెళ్ళాయి, నిజమే. 1950 నాటికి ఆ నిబంధనను పట్టుకుని కూర్చున్నది లీగ్ క్లబ్‌లు. కానీ ఆ మొక్కను నాటింది మీరు.

దానికంటే దారుణమైంది ఇంకొకటి ఉండేది, రిటైన్ అండ్ ట్రాన్స్‌ఫర్ పద్ధతి. ఆటగాడి ఒప్పందం ఏడాదికోసారి ముగుస్తుంది. కానీ అతని రిజిస్ట్రేషన్, అంటే లీగ్‌లో ఆడేందుకు ఉన్న నమోదు, క్లబ్ చేతిలోనే ఉండిపోతుంది. ఒప్పందం ముగిసినా, కొత్తది నచ్చకపోయినా, అతను ఇంకో లీగ్ క్లబ్‌కు వెళ్ళలేడు. క్లబ్ దయతలిచి వదలాలి, లేదా మంచి ధర వచ్చిందని అమ్మాలి. రెండూ చేయకుండా, జీతం కూడా ఇవ్వకుండా కూర్చోబెట్టినా అడిగే దిక్కు లేదు. అమ్మితే వచ్చే వేల పౌండ్లు క్లబ్‌కే. అమ్ముడుపోయిన మనిషికి దక్కేది కొత్త ఊళ్ళో అదే 12 పౌండ్లు. 1947 మేలో స్టోక్ క్లబ్ స్టాన్లీ మాథ్యూస్‌ను 11,500 పౌండ్లకు బ్లాక్‌పూల్‌కు అమ్మింది. లీగ్ టైటిల్ అందేంత దూరంలో ఉండగా, మూడే మ్యాచ్‌లు మిగిలి ఉండగా అమ్మింది. జూన్ 14న షెఫీల్డ్ యునైటెడ్ మీద గెలిస్తే స్టోక్ ఛాంపియన్. 2-1తో ఓడిపోయింది. ఆ క్లబ్ అంతకుముందు లీగ్ గెలవలేదు, ఆ తర్వాతా ఇప్పటిదాకా గెలవలేదు. మైదానంలో నిలబడి ఆ రోజు ఆ ఓటమిని చూసినవాళ్ళలో ఫ్రాంక్లిన్ ఒకడు.

అంతకంటే ఘోరాన్ని కూడా ఆయన చూశాడు. 1946 మార్చి 9న బోల్టన్‌లోని బర్న్‌డెన్ పార్క్‌లో మీ ఎఫ్.ఎ. కప్ క్వార్టర్‌ఫైనల్ రెండో మ్యాచ్ జరిగింది. బోల్టన్ ఒకవైపు, స్టోక్ ఒకవైపు. మైదానం పట్టలేనంత జనం లోపలికి చొచ్చుకొచ్చారు. తొక్కిసలాటలో 33 మంది చనిపోయారు. ఆట కాసేపు ఆపారు. శవాల మీద కోట్లు కప్పి, గడ్డి మీద కొత్త గీతను రంపపు పొట్టుతో గీసి, మళ్ళీ మొదలుపెట్టారు. ఇరవై నాలుగేళ్ళ ఫ్రాంక్లిన్, మాథ్యూస్, మిగతా ఇరవై మంది ఆ పక్కనే పూర్తి సమయం ఆడారు. ఫలితం 0-0. ఆటను నడిపే పెద్దలు జనాన్ని, ఆటగాళ్ళను ఏ కళ్ళతో చూసేవారో చెప్పడానికి నాకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

స్టోక్‌లో మేనేజర్ బాబ్ మెక్‌గ్రోరీతో ఫ్రాంక్లిన్‌కు పొసగలేదు. క్లబ్ మారాలని అడిగాడు. వాళ్ళు వదల్లేదు. అలాంటప్పుడు కొలంబియా రాజధాని బొగోటా నుంచి కబురు వచ్చింది.

కొలంబియాలో 1948లో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. అక్కడి సంఘాల మధ్య గొడవతో ఆ లీగ్ ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా గీత దాటి బయటపడింది. బయటపడ్డాక ఆటగాడి పాత క్లబ్‌కు ట్రాన్స్‌ఫర్ ఫీజులు కట్టాల్సిన పని లేకుండా పోయింది. ఆటగాళ్ళను నేరుగా పిలిచి, ఆ డబ్బును వాళ్ళ చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. అర్జెంటీనాలో ఆటగాళ్ళ సమ్మె నడుస్తున్న సమయం అది. పెదెర్నెరా, ఆల్ఫ్రెడో డి స్టెఫానో లాంటివాళ్ళు బొగోటా క్లబ్ మిలియోనారియోస్‌కు వచ్చేశారు. దాని పోటీ క్లబ్ ఇండిపెండియంటె శాంటా ఫె చూపు ఇంగ్లండ్ మీద పడింది. ఫ్రాంక్లిన్‌కు ముందుగా పెద్ద మొత్తం, ఆపైన ఇంగ్లండ్ జీతానికి ఎన్నో రెట్ల జీతం ఇస్తామంది. స్టోక్‌లోనే ఆడుతున్న జార్జ్ మౌంట్‌ఫోర్డ్‌నూ పిలిచింది. ఇద్దరూ వెళ్ళారు. వాళ్ళ వెనకే మాంచెస్టర్ యునైటెడ్ వింగర్ చార్లీ మిట్టెన్ కూడా వెళ్ళాడు.

ఫ్రాంక్లిన్ వల్ల తప్పు జరగలేదని నేను అనడం లేదు. భార్య గర్భవతి కాబట్టి బ్రెజిల్ రాలేనని మీవాళ్ళతో చెప్పాడు. ఆ మాట నిజమే కానీ, అదే భార్యతో, చిన్న కొడుకుతో కలిసి బొగోటా వెళ్తున్నానని చెప్పలేదు. నమ్మి ఉన్నవాళ్ళకు అది దెబ్బే. ఇంగ్లండ్ కోచ్ వాల్టర్ వింటర్‌బాటమ్‌కు ప్రపంచకప్ ముంగిట వెన్నెముక విరిగినంత పని అయింది. దీనికి కొంత శిక్ష పడాల్సిందేనని ఎవరైనా అంటే నేను వాదించను.

నా అభ్యంతరం ఆ శిక్ష కొలత మీద.

బొగోటా ఆయన అనుకున్నట్టు లేదు. రెండేళ్ళ ముందు, 1948 ఏప్రిల్‌లో రాజకీయ నాయకుడు గైటాన్ హత్యతో రాజుకున్న హింస ఇంకా చల్లారలేదు. రాత్రి కర్ఫ్యూ ఉండేది. సముద్రమట్టానికి 2,600 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళో ఊపిరి ఆడడమే కష్టం. భాష రాదు. నెలలు నిండుతున్న భార్య, చిన్న పిల్లవాడు. ఆరే మ్యాచ్‌లు ఆడి, రెండు మూడు నెలల్లోనే తిరుగు ప్రయాణం కట్టాడు. డబ్బు మనిషే అయితే ఆ డబ్బు కోసమైనా ఉండిపోయేవాడు కదా. మౌంట్‌ఫోర్డ్, మిట్టెన్ సీజన్ ముగిసేదాకా ఉన్నారు. ముందుగా వచ్చేసింది ఫ్రాంక్లినే.

వచ్చినవాడికి సస్పెన్షన్ ఎదురైంది. స్టోక్ మళ్ళీ తన చొక్కా ఇవ్వనంది. కానీ రిజిస్ట్రేషన్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి అమ్ముకునే హక్కు మాత్రం వదులుకోలేదు. 1951 ఫిబ్రవరిలో రెండో డివిజన్‌లోని హల్ సిటీకి 22,500 పౌండ్లకు అమ్మింది. ఇది ఇంకోసారి చదవమని కోరుతున్నాను. డబ్బుకు ఆశపడ్డాడని పత్రికలు, పెద్దలు ఆ మనిషిని తిట్టిపోశారు. అదే మనిషిని అమ్మి క్లబ్ 22,500 పౌండ్లు జేబులో వేసుకుంటే అది సవ్యమైన వ్యాపారమైంది. వారానికి 12 పౌండ్ల లెక్కన అంత సొమ్ము కూడబెట్టాలంటే ఆటగాడికి ముప్పై ఆరేళ్ళు పడుతుంది.

హల్‌లో ఆయనను తీసుకున్నది మేనేజర్ రైచ్ కార్టర్, తానూ ఇంగ్లండ్‌కు ఆడినవాడే. అక్కడ ఫ్రాంక్లిన్ బాగానే ఆడాడు. మోకాలి గాయం వెనక్కి లాగింది. తర్వాత క్రూ, స్టాక్‌పోర్ట్, ఆ తర్వాత చిన్న చిన్న క్లబ్‌లు. సైప్రస్‌లో అపోయెల్ నికోసియాకు కోచ్‌గా వెళ్ళాడు, 1963 నుంచి 1968 దాకా కోల్చెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా ఉన్నాడు. 1996 ఫిబ్రవరి 9న కన్నుమూశాడు.

ఈ ఏళ్ళలో ఇంగ్లండ్ జట్టు ఏమైందో మీ రికార్డులే చెబుతాయి. 1950 ఏప్రిల్ 15న గ్లాస్గోలోని హాంప్‌డెన్ మైదానంలో లక్షా ముప్పై వేల మంది ముందు స్కాట్లండ్‌ను 1-0తో ఓడించింది. ఇంగ్లండ్‌కు అది ఫ్రాంక్లిన్ చివరి మ్యాచ్. రెండున్నర నెలలకు, జూన్ 29న ప్రపంచకప్‌లో, బ్రెజిల్‌లోని బెలో హొరిజోంటెలో అమెరికా చేతిలో 0-1. ఆ రోజు ఫ్రాంక్లిన్ చోటులో ఆడింది లివర్‌పూల్ ఆటగాడు లారీ హ్యూస్. అంతకు నాలుగు రోజుల ముందు చిలీ మీద ఆడిందే అతని మొదటి అంతర్జాతీయ మ్యాచ్. హ్యూస్‌ను నేను తప్పు పట్టను, ఫ్రాంక్లిన్ ఉంటే గెలిచేవారనీ అనను. ఆ రోజు ఇంగ్లండ్ గోల్ కొట్టలేకపోవడమే అసలు సమస్య, దానికి సెంటర్‌హాఫ్ ఏం చేస్తాడు.

కానీ 1953 నవంబర్ 25 సంగతి వేరు. లండన్‌లోని వెంబ్లీ మైదానంలో హంగేరీ 6-3తో గెలిచింది. హంగేరీ సెంటర్‌ఫార్వర్డ్ హిడెకుటి తన చోటు వదిలి వెనక్కి జరిగి ఆడాడు. ఇంగ్లండ్ సెంటర్‌హాఫ్ హ్యారీ జాన్‌స్టన్‌కు అతని వెంట వెళ్ళాలో, తన చోటులో ఉండాలో తేలలేదు. హిడెకుటి మూడు గోల్స్ కొట్టాడు. మనిషిని పట్టుకుని ఉండడమే పని అని నేర్చుకున్న స్టాపర్‌కు, పట్టుకోవడానికి మనిషే లేకుండా పోయాడు. అలాంటి రోజున ఆటను చదవగలిగిన, బంతితో ముందుకు రాగలిగిన డిఫెండర్ కావాలి. మీ దేశంలో అలాంటివాడు ఒకడు ఉన్నాడు. వయసు 31. హల్ సిటీలో ఆడుతున్నాడు. ఆరు నెలలకు బుడాపెస్ట్‌లో అదే హంగేరీ చేతిలో 7-1 అయింది. ఆ నాలుగేళ్ళలో మీ సెలెక్షన్ కమిటీ ఆ చోటులో ఒకరి తర్వాత ఒకరిని పెట్టి చూస్తూనే ఉంది. చివరికి 1954 ప్రపంచకప్‌లో, అదీ ఒకరికి గాయమైతేనే, బిల్లీ రైట్‌ను అక్కడికి జరిపారు. అతను కుదురుకున్నాడు, వంద మ్యాచ్‌లు దాటిన మొదటి ఆటగాడయ్యాడు. రైట్ గొప్పవాడే. కానీ ఆ ఖాళీని తెచ్చిపెట్టుకున్నది మీ పట్టుదల.

ఫ్రాంక్లిన్ వెళ్ళిపోయిన దాదాపు పదకొండేళ్ళకు, 1961 జనవరిలో, జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళు సమ్మెకు సిద్ధపడితే జీతాల పరిమితి ఎగిరిపోయింది. కొద్ది నెలల్లోనే జానీ హేన్స్‌కు ఫుల్‌హామ్ వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. 1963 జులైలో జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో జడ్జి విల్బర్‌ఫోర్స్, రిటైన్ పద్ధతి మనిషి తన పని తాను చేసుకోకుండా అన్యాయంగా అడ్డుకుంటోందని తీర్పు ఇచ్చాడు. తన క్లబ్ న్యూకాజిల్ వదలనంటే ఈస్ట్‌హామ్ కొన్నాళ్ళు ఆటే మానేసి కార్క్ అమ్ముకుంటూ బతికాడు. అతను కోర్టుకు వెళ్ళగలిగాడు, యూనియన్ అండగా నిలిచింది. 1950లో ఫ్రాంక్లిన్ పక్కన అలా నిలబడినవాళ్ళు లేరు. ఏ గోడను హిల్, ఈస్ట్‌హామ్ కూల్చారో అదే గోడను అంతకుముందు ఆయన ఒంటరిగా దూకాడు. గోడ కూల్చినవాళ్ళను మీరు ఇప్పుడు గౌరవంగా తలుచుకుంటారు. దూకినవాడిని మాత్రం బొగోటా బందిపోటు అన్న పాత పత్రికల పేరుతోనే వదిలేశారు.

మా హైదరాబాద్‌కు ఈ కథతో నేరుగా సంబంధం లేదు. అయినా ఆ 1950 మాకూ గుర్తుంచుకోదగ్గ ఏడాదే. మీరు వెళ్ళిన ఆ ప్రపంచకప్‌కు భారత జట్టుకూ పిలుపు వచ్చింది, మావాళ్ళు వెళ్ళలేదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆ ఏడాది మొదలుపెట్టి వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఆటగాళ్ళకు కడుపు నింపింది ఆట కాదు, పోలీసు ఉద్యోగం. ఆట ఆడే మనిషికి ఇల్లు, పిల్లలు, మోకాళ్ళు అరిగిపోయాక బతకాల్సిన ముప్పై నలభై ఏళ్ళు ఉంటాయని మా ఊరికి బాగా తెలుసు. అందుకే ఫ్రాంక్లిన్ కథ చదివినప్పుడు పరాయివాడి కథలా అనిపించలేదు.

పాత తప్పులను సరిదిద్దడం మీకు కొత్తేమీ కాదు. 1921లో మహిళల ఫుట్‌బాల్‌ను మీ మైదానాల నుంచి తరిమేశారు. 2008లో దానికి క్షమాపణ చెప్పారు. 1925లో ప్లిమత్ ఆర్గైల్ ఆటగాడు జాక్ లెస్లీని ఇంగ్లండ్‌కు ఎంపిక చేసి, నల్లవాడని తెలిశాక తప్పించారు. 2023లో ఆయన పేరు మీద గౌరవ టోపీ (ఇంగ్లండ్‌కు ఆడిన మ్యాచ్‌కు గుర్తుగా ఇచ్చేది) ఇచ్చారు. అప్పటికి ఆయన లేడు, అయినా ఇచ్చారు. ఆ రెండూ మంచి పనులు. ఆ రెండు అన్యాయాలతో ఫ్రాంక్లిన్‌కు జరిగింది సమానమని నేను అనను. వాళ్ళను తలుపు దగ్గరే ఆపారు, ఈయనకు 27 టోపీలు దక్కాయి. కానీ ఒక మనిషి రెండు మూడు నెలలు దారి తప్పాడని అతని ఆట జీవితంలో మిగిలిన మంచి కాలమంతా తుడిచేయడం, ఆ తప్పుకు దారితీసిన రిటైన్ పద్ధతి తప్పని కోర్టే తేల్చాక కూడా దాని గురించి ఒక్క మాట మాట్లాడకపోవడం న్యాయం కాదు.

నేను అడిగేది క్షమాపణ కూడా కాదు. 1950 నాటి జీతాల పరిమితి, రిటైన్ పద్ధతి అన్యాయమైనవని, వాటి కారణంగా దేశం వదిలిన ఆటగాళ్ళను ఇంగ్లండ్ జట్టుకు శాశ్వతంగా దూరం పెట్టడం తగని పని అని మీ అధికారిక చరిత్రలో రాయండి. ఫ్రాంక్లిన్ పేరుతో పాటు మౌంట్‌ఫోర్డ్, మిట్టెన్ పేర్లూ రాయండి. మీ జాతీయ ఫుట్‌బాల్ కేంద్రం సెయింట్ జార్జెస్ పార్క్ బర్టన్‌లో ఉంది. అది స్టాఫర్డ్‌షైర్, ఫ్రాంక్లిన్ పుట్టిన జిల్లానే. ఇంగ్లండ్ కుర్ర డిఫెండర్లు వెనక నుంచి బంతి ఆడడం అక్కడే సాధన చేస్తున్నారు. ఆ మైదానాల్లో ఒకదానికి ఆయన పేరు పెట్టండి. పక్కన ఒక బోర్డు మీద ఆయన ఎలా ఆడేవాడో, ఎందుకు వెళ్ళాడో, తిరిగొచ్చాక ఏం జరిగిందో మూడూ దాచకుండా రాయండి. ఆయన కుటుంబంలో ఉన్నవాళ్ళను పిలిచి, వాళ్ళ ఎదుటే ఆ బోర్డు తెరవండి.

2026 ప్రపంచకప్ జరిగేది ఉత్తర అమెరికాలో. 1950లో మిమ్మల్ని ఓడించిన దేశం ఆతిథ్య దేశాల్లో ఒకటి కాబట్టి బెలో హొరిజోంటె కథ ప్రతి పత్రికలో, ప్రతి ఛానల్‌లో మళ్ళీ వస్తుంది. ఆ జట్టులో ఎవరున్నారో చెప్పేటప్పుడు, ఎవరు లేరో, ఎందుకు లేరో కూడా మీ నోటి నుంచే రావాలని మా కోరిక. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ఫుట్‌బాల్ అభిమాని